గుంటల గట్టున గుడ్డ షెడ్డు

ఒంగోలు

ఒరే సుబ్బూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన గుడ్డ షెడ్డు కొటేషన్ చదివాను. సగానికి పైగా బొమ్మలే. ఇనప చట్రం మీద తెల్లటి గుడ్డ బిగించి ఉంది, లోపల ట్రాక్టరు, మేత బస్తాలు, పక్కన నవ్వుతూ నిలబడ్డ రైతు. ఆయన రొయ్యల రైతు మాత్రం కాదులే. ఇప్పటి రొయ్యల రేట్లకు అంత హాయిగా నవ్వేవాణ్ణి మీ వైపు నేను చూడలేదు.

రొయ్యల గుంటల గట్టున మేత షెడ్డు రేకులతో వేయాలా, గుడ్డతోనా అని అడిగావు కదా, ముందే జవాబు చెప్తా. గుడ్డ షెడ్డే వేసుకో. రేకుల షెడ్లు కట్టుకుని బతికేవాణ్ణి, నేనే ఈ మాట అంటున్నా. మీ ఇసకపల్లి ఉప్పుగాలికి మామూలు జీఐ రేకు, అంటే జింకు పూత ఇనప రేకు, ఎన్నాళ్లు ఉంటుందో నీకు తెలియంది కాదు. స్క్రూ కొట్టిన ప్రతి బెజ్జం దగ్గరా తుప్పు మొదలై చుట్టూ తినుకుంటూ పోతుంది. పీవీసీ పూత వేసిన పాలిస్టర్ గుడ్డకు ఆ బాధ లేదు. మధ్యలో స్తంభాలు ఉండవు కాబట్టి మేత లారీ నేరుగా లోపలికి వచ్చేస్తుంది. కానీ ఆ కొటేషన్‌కు మాత్రం ఒప్పుకోబాక.

ఎందుకంటావా? గుడ్డ గురించి రెండు పేజీలు రాశారు. నేలలోకి ఏం దిగుతుందో మాత్రం చివర్లో ఒక్క లైను: 'పునాది పని కొనుగోలుదారుదే'. నాకు భయం వేసింది అక్కడే. గుడ్డ చిరిగితే ఇంకోటి వేయించుకుంటావు. పునాది లేచిపోతే షెడ్డు పక్క గుంటలో ఉంటుంది.

కాస్త లెక్క చెప్తా, విసుక్కోకుండా చదువు. గాలి లెక్కలకు మనకు ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణాల కోడ్‌లో మూడో భాగం ఉంది, 2015లో సవరించారు. అందులో నెల్లూరుకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఒత్తిడిలోకి మారిస్తే చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. పైగా మీది చెట్టూ చేమా లేని బయలు, గాలికి అడ్డమే లేదు. తీరానికి దగ్గర్లో కట్టే పారిశ్రామిక షెడ్లకు తుపాను పేరుతో ఇంకాస్త కలపమని కూడా ఆ కోడ్‌లోనే ఉంది.

గాలి కప్పును కిందికి నొక్కుతుందనుకుంటాం గానీ, ఎక్కువగా చేసేది పైకి పీకడమే. నీది 40 అడుగులు బై 80, దగ్గర దగ్గర 300 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 100 కిలోలే పైకి లాగిందనుకో, మొత్తం 30 టన్నులు. రేకులతో, ఇటుక గోడలతో కట్టినదానికి సొంత బరువు కొంతైనా ఉంటుంది. దీనికి ఆ బరువు లేదు. పట్టుకోవలసింది కాంక్రీటే.

ఇందులో మీ ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. క్యూబిక్ మీటరు కాంక్రీటు 2.4 టన్నులు తూగుతుంది. నీళ్లలో మునిగితే అందులో ఒక టన్ను పోతుంది, పట్టుకోవడానికి మిగిలేది 1.4. మీ గట్ల పక్కన కాస్త తవ్వితే చాలు నీళ్లు పడతాయి. నవంబరు వానలకు ఇంకా పైకి వస్తాయి, తుపాన్లు వచ్చేదీ అప్పుడే. పునాది గుంత కొలతలు ఎండాకాలపు నేలను చూసి వేశారా, నీళ్లు నిండిన నేలను చూసి వేశారా అని ఆ సేల్స్ కుర్రాణ్ణి అడుగు. 'మా ఇంజనీర్‌తో మాట్లాడి చెప్తానండీ' అంటే ఫరవాలేదు, నిజాయితీపరుడు. వెంటనే 'ఏం కాదండీ' అన్నాడంటే అనుమానించు.

ఇంకో కిటుకు కూడా గమనించు. ఐదేళ్లు ఉండే తాత్కాలిక షెడ్డుకైతే గాలి వేగాన్ని తగ్గించి లెక్క వేసుకోవచ్చని కోడే ఒప్పుకుంటుంది. ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది (వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు) కాబట్టి, వేగం పావు వంతు తగ్గిస్తే 150 కిలోలు కాస్తా 85కు పడిపోతాయి. పైపు సన్నబడుతుంది, రేటు దిగుతుంది, కొటేషన్ ముద్దొస్తుంది. నీ కాగితంలో 'టెంపరరీ స్ట్రక్చర్' అన్న మాట రెండు చోట్ల కనిపించింది. నువ్వేమో పదిహేనేళ్లు ఉండాలంటున్నావు. ఏ ఆయుష్షుకు, ఏ వేగానికి లెక్క వేశారో స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకంతో తీసుకో.

వాకిలి దక్షిణానికి పెడితే తుపాను గాలి కొట్టదని అన్నావు చూడు, అదేం కుదరదు. 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన తుపాను గురించి మీ నాయన్ని అడుగు, గాలి ఎట్టా దిశలు మార్చిందో ఆయనే చెప్తాడు. తుపాను మనకు దక్షిణంగా తీరం దాటితే గాలి ఈశాన్యంలో మొదలై తూర్పుకు, ఆగ్నేయానికి తిరుగుతుంది. ఉత్తరంగా దాటితే వాయవ్యం నుంచి పడమరకు, నైరుతికి. వాస్తు కోసం ఏ దిక్కైనా పెట్టుకో, తలుపు మాత్రం గట్టిగా మూతపడాలి. తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలి కప్పును కింద నుంచి తోస్తుంది, అదే సమయంలో పైన గాలి పీకుతుంటుంది.

చట్రం విషయం తొందరగా చెప్పేస్తా. ముందే జింకు పూత ఉన్న పైపు కొని, కోసి, వెల్డింగ్ చేసి, అతుకుల మీద సిల్వర్ పెయింట్ కొడితే ఒప్పుకోకు. వెల్డింగ్ వేడికి అక్కడ జింకు కాలిపోతుంది, ఉప్పుగాలి మొదట పట్టేదీ అక్కడే. పని అంతా అయ్యాక మొత్తం ముక్కను హాట్ డిప్ చేయించాలి, అంటే కరిగిన జింకులో ముంచి తీయించాలి. చట్రం ఊగకుండా ఐమూలగా బిగించే క్రాస్ బ్రేసింగ్ తీగలు ఉన్నాయో లేదో కూడా చూడు. గుడ్డ చట్రాన్ని నిలబెట్టదు, చట్రమే గుడ్డను నిలబెట్టాలి.

గుడ్డ బరువు జీఎస్‌ఎంలో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో, రాయించు. ధాన్యం మీద కప్పే పట్టల్లాంటి సరుకు చూపించి ఇదీ అదీ ఒకటే అంటారు, నమ్మకు. ఎంత మంచి గుడ్డయినా వదులైతే గాలికి టపటపా కొట్టుకుని అంచుల్లో చిరుగుతుంది. మళ్లీ బిగించే ఏర్పాటు ఉండాలి, ఏటా వచ్చి బిగించేది ఎవరో కూడా రాసుకోవాలి. మేత పెట్టే వైపు మాత్రం వెలుతురు రానివ్వని గుడ్డ వేయించు, లోపల వేడి తగ్గుతుంది. ఒంటి పొర గుడ్డకు తెల్లవారుజామున లోపల చెమ్మ పట్టి బస్తాల మీద బొట్లు పడతాయి, బూజు పట్టిన మేత నీకేం చేస్తుందో నేను చెప్పక్కర్లేదు. రెండు కొసల్లో పైన గాలి పోయే దారి ఉంచు, బస్తాలు చెక్కల మీద పెట్టు. చుట్టూ నాలుగడుగుల గోడ కట్టి దాని పైనుంచి గుడ్డ మొదలుపెడితే ఎలుకల బెడద తగ్గుతుంది, గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు ఈడ్చేటప్పుడు గుడ్డ చిరగదు. జనరేటర్ బయటే పెట్టు. మంటను తట్టుకునే గుడ్డ అంటే అసలు అంటుకోదని కాదు. లోపల వెల్డింగ్ పని కూడా వద్దు, నాలాంటి వాడు వచ్చి అడిగినా సరే.

వారంటీ కాగితంలో తుపాను నష్టాన్ని తీసేసి ఉంటారు, చదువుకో. అడ్వాన్సు ఇవ్వకముందే బీమా వాళ్లను అడుగు, గుడ్డ కప్పుకు పాలసీ ఇస్తారా లేదా అని. కొందరు కట్టాక చూద్దాం అంటారు, అప్పటికి నీ డబ్బులు నేలలో ఉంటాయి.

లెక్కల కాగితం వచ్చాక నాకు పంపు, ఇక్కడ కాలేజీలో స్ట్రక్చర్స్ చెప్పే మా బావమరిదికి చూపిస్తా. ఫీజు అడగడు గానీ బొమ్మిడాయిల పులుసు అంటే ప్రాణం పెడతాడు. చెల్లెమ్మకు ముందే చెప్పి ఉంచు. వచ్చే ఆదివారం ఇద్దరం కావలి దాకా రైల్లో వస్తాం, అక్కడి నుంచి బండి మీద తీసుకెళ్లు, స్థలం కూడా చూసినట్టుంటుంది. గడ్డపార ఒకటి సిద్ధంగా పెట్టు, ఎంత లోతులో నీళ్లు పడతాయో ఆ రోజే తవ్వి చూద్దాం.

నీ
రమణ