సగటు అంకె వెనక దాగిన మూడో ముక్క

సంపాదకుడు గారికి,

విమానాల్లో సమతూకం కోసం పెట్టే బరువులుగా, క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే యంత్రాల్లో కవచాలుగా టంగ్‌స్టన్ హెవీ అల్లాయ్‌లు (టంగ్‌స్టన్ ఎక్కువగా ఉండే బరువైన మిశ్రలోహాలు) వాడతారు. ఘనపు సెంటీమీటరుకు 17 నుంచి 18.5 గ్రాములు తూగుతాయి. సీసం తూగేది 11.3 గ్రాములే. ఖరీదైన లోహం కాబట్టి దెబ్బకు ఎంత ఓర్చుకుంటుందో చిన్న ముక్కల మీదే పరీక్షిస్తున్నారు. అది తప్పని నేననను. ఫలితం రాసే తీరు మీదే నా బాధంతా.

నేను ల్యాబ్‌లో చార్పీ యంత్రం నడుపుతాను. లోలకంలా ఊగే సుత్తి ముక్కను విరగ్గొట్టి అవతలికి ఎంత ఎత్తు లేచిందో చూసి, ముక్క ఎన్ని జౌల్స్ శక్తి మింగిందో చెబుతాం. మామూలు ముక్క 10 × 10 × 55 మిల్లీమీటర్లు. చిన్నది 3 × 4 × 27, అగ్గిపుల్ల కంటే పొట్టి. మింగిన శక్తిని విరిగే చోటి వైశాల్యంతో లెక్కకట్టి రెండింటినీ సమానం చేయొచ్చని కొందరంటారు. కుదరదు. సన్నటి ముక్కలో లోహం సాగడానికి వెసులుబాటు ఎక్కువ. మందపాటి దిమ్మలో పెళుసుగా విరిగేది కూడా ఇక్కడ గట్టిదానిలా కనిపించవచ్చు.

ఈ అల్లాయ్‌లతో ఇంకో చిక్కుంది. టంగ్‌స్టన్, నికెల్, ఇనుము పొడులను కలిపి నొక్కి, దాదాపు 1,500 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌లో కాలుస్తారు. లోపల చిక్కుకున్న హైడ్రోజన్‌ను తర్వాత వాక్యూమ్‌లో వేడిచేసి వదిలించకపోతే పెళుసుతనం మిగిలిపోతుంది. దిమ్మ మందం పెరిగేకొద్దీ నడిమి నుంచి అది బయటికి రావడానికి ఎక్కువసేపు పడుతుంది. అంచున కోసిన ముక్క బాగుందని నడుమ కూడా బాగుందనుకోలేం.

ఈమధ్య ఒకరు ఒక దిమ్మతో పాటు తెచ్చిన పరీక్ష సర్టిఫికెట్‌లో ఒకే ఒక్క అంకె ఉంది. ముక్క సైజు లేదు, విరగాల్సిన చోట ముందే గాటు పెట్టారో లేదో లేదు, ఏ ఉష్ణోగ్రతలో కొట్టారో లేదు. ఆ దిమ్మ నడిమి నుంచే మేం మూడు ముక్కలు కోశాం. రెండు బాగానే ఓర్చుకున్నాయి. మూడోది సుత్తి తగలగానే టప్పున విరిగింది. విరిగిన ముఖం పటిక పలుకుల్లా మెరిసింది. సగటు తీస్తే ఆ మూడో ముక్క కాగితం మీద కనిపించదు. ఏదైనా యంత్రంలో బిగించేది మాత్రం అలాంటి భాగమే కావచ్చు.

ప్రమాణాలు రాసే సంస్థలు, టెండర్లు పిలిచే శాఖలు ముక్క కొలతలు, గాటు, ఉష్ణోగ్రత, దిమ్మలో ఏ చోటి నుంచి కోశారన్నది సర్టిఫికెట్‌లో తప్పనిసరి చేయాలి. ప్రతి ముక్క ఫలితం విడివిడిగా ఇవ్వాలి. ఈ వివరాలన్నీ మా లాగ్‌బుక్‌లో ఎలాగూ ఉంటాయి. సర్టిఫికెట్‌లోకి ఎక్కించడానికి నాలుగు లైన్లు చాలు.

ఇట్లు,
లోహ పరీక్షల ల్యాబ్ టెక్నీషియన్