తొమ్మిదో తరగతిలో చీటీ పాట

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతిలో పిల్లలు చీటీలు వేస్తున్నారట కదా అని కొందరు కంగారుగా ఫోన్ చేశారు. నిజమే, వేస్తున్నారు. నోట్లు మాత్రం పిల్లలు అట్టముక్కలతో చేసుకున్నవి.

ఇరవై మంది, నెలకు 500 చొప్పున పదివేల చీటీ. ఒక్కో పీరియడ్ ఒక్కో నెల. మొదటి నెల రెండు వేలకు పాట పోయింది. పాడుకున్న పిల్లవాడి చేతికి ఎనిమిది వేలు వచ్చాయి. అతను వదులుకున్న రెండు వేలలో చీటీ నడిపే అమ్మాయి కమీషను 500 పోగా, మిగిలిన 1,500 అందరికీ పంచితే తలా 75. అంటే ఆ నెల కట్టాల్సింది 425. ముందు పాడుకున్నవారికి ఇది అప్పు, చివరిదాకా ఆగినవారికి పొదుపు అని పిల్లలే తేల్చారు.

ఆరో నెలలో సాంఘికశాస్త్రం టీచరు ఆ అమ్మాయిని డబ్బుల డబ్బాతో సహా గ్రంథాలయానికి పంపేశారు. అప్పటికే పాడుకున్న ఐదుగురూ నవ్వుకున్నారు. మిగతావారు గొల్లుమన్నారు. చట్టం గురించి చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చీటీని రిజిస్టర్ చేయించాలి, నడిపేవారు హామీ చూపాలి, కమీషను 7 శాతం దాటకూడదు. “మా వీధిలో వేసే చీటీకి ఇవన్నీ ఉన్నాయా?” అని ఒకరు అడిగారు. అదే ప్రశ్న మీ ఇంట్లోనూ వినబడితే దయచేసి కోప్పడకండి.

ఎనిమిదో తరగతివారికి వడ్డీ లెక్కలు మొదలుపెట్టాం. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి, నెలకు. పుస్తకంలోని శాతాలేమో ఏడాదికి. అందుకే రెండు రూపాయల వడ్డీ కంటే ఏడు శాతమే ఎక్కువని చాలామంది పిల్లలు చెయ్యెత్తారు. పన్నెండుతో హెచ్చవేయించాక 24 శాతం అని తేలింది. ఈ ఒక్క లెక్క వస్తే చాలు, మిగతా అధ్యాయం కాస్త ఆలస్యమైనా నాకు బెంగ లేదు.

షేర్ మార్కెట్ ఆట కూడా పెట్టమని కొందరు కోరారు. పెట్టను. రెండు వారాల ఆటలో పిల్లలకు అబ్బేది పందెం కాసే సరదాయే.

వచ్చే వారం కరెంటు బిల్లు పాఠం. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా ఎలా పెరుగుతుందో పిల్లలు లెక్కగడతారు. పాత బిల్లు ఒకటి, పేరూ సర్వీసు నంబరూ కొట్టేసి పంపగలరు. ఇంటి ఆదాయం, అప్పుల గురించి తరగతిలో ఎవరినీ అడగవద్దని టీచర్లకు గట్టిగా చెప్పాను. బిల్లు పంపడం ఇష్టం లేకపోతే మానేయండి. మా ఇంటి మే నెల బిల్లు ఇస్తాను, చివరి శ్లాబు దాకా లెక్క వేసుకోవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు