బడి గేటు సాయంత్రం కూడా తీయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

టోర్నమెంట్ల వార్తలు, నాయకులు బ్యాటు పట్టుకున్న ఫొటోలు జిల్లా పేజీలో చూస్తూనే ఉంటాం. నేను అడిగేది టోర్నమెంట్ లేని మామూలు మంగళవారం గురించి. ఆ సాయంత్రం మన ఊళ్లల్లో పిల్లలు ఎక్కడ ఆడుకుంటున్నారు?

2022లో తెలంగాణలో ఊరూరా క్రీడా ప్రాంగణాలన్నారు. మా మండలంలోనూ రంగురంగుల బోర్డు పెట్టి, రెండు పోల్స్ పాతి, లాంగ్‌జంప్ గుంత తవ్వారు. స్థలం దొరక్క చాలాచోట్ల ఊరికి దూరంగా గుట్ట దగ్గరో, శ్మశానం పక్కనో ఇచ్చారు. ఏడో తరగతి ఆడపిల్లను సాయంత్రం ఆరింటికి అక్కడికి ఏ తల్లి పంపుతుంది? ప్రస్తుతానికి అక్కడ సర్కారు తుమ్మ ఒక్కటే బాగా ఎదుగుతోంది.

ఊరి మధ్యలో ఉన్న గ్రౌండ్ ఏదంటే సర్కారు బడిదే. బడి విడిచిన అరగంటకు దానికి తాళం పడుతుంది. ఎందుకో నాకూ తెలుసు, చీకటి పడితే తాగేవాళ్లు చేరతారు, తెల్లారి సీసా పెంకులు ఏరుకునేది పిల్లలు, ఏదైనా పోతే జవాబు చెప్పుకోవాల్సింది హెచ్ఎం. ఆయన్ని తప్పుపట్టను. కానీ తాగేవాళ్లు గోడ దూకి వస్తూనే ఉన్నారు, బయట ఆగిపోయింది పిల్లలు మాత్రమే. పోనీ వేసవి సెలవుల్లో ఆడుకుందామంటే సరిగ్గా అప్పుడే యాసంగి వడ్లు వస్తాయి. తూకం కాక, లారీ రాక కుప్పలు గ్రౌండ్‌లోనే ఉంటాయి. కల్లం లేక పోసుకున్న రైతును ఏమంటాం? సెలవులు మాత్రం అయిపోతాయి.

డబ్బున్నవాళ్లకు ఈ బాధ లేదు. టర్ఫ్‌లు, అంటే కృత్రిమ గడ్డి పరిచి అద్దెకిచ్చే గ్రౌండ్లు, ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ వచ్చేశాయి, గంటకింతని కట్టి ఆడుకోవచ్చు. కూలికి పోయే ఇంట్లో ఆ గంట డబ్బులంటే ఒక రోజు కూలి.

విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో. బడికి ఆటస్థలం ఉండాలని, తరగతులకు ఆట సామాను ఇవ్వాలని, 6 నుంచి 8 తరగతుల్లో 100 మంది దాటితే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని అందులోనే ఉంది. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద ఆటలకు ఏడాదికి ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నత బడికి 10,000, హైస్కూలుకు 25,000 రూపాయల వరకు ఇవ్వొచ్చు. 5,000కి రెండు బంతులు, ఒక నెట్టు, నాలుగు స్కిప్పింగ్ తాళ్లు, మహా అయితే ఒక క్యారమ్ బోర్డు వస్తాయి. బంతి చిరిగిపోతే మళ్లీ ఏడాది ఆగాలి కాబట్టి అవి బీరువాలో భద్రంగా ఉంటాయి! పీఈటీ సారు, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడు, ఉన్న బడిలోనూ పదో తరగతికొచ్చేసరికి గేమ్స్ పీరియడ్ మ్యాథ్స్ సారు చేతిలోకి పోతుంది.

పీఈటీ లేకపోతే ఏం పోయిందిలే అనేవాళ్లు కల్లెడ సంగతి గుర్తు తెచ్చుకోవాలి. వరంగల్ జిల్లాలోని ఆ ఊరి అమ్మాయి జీవాంజి దీప్తి, కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమె పరుగును మొదట గుర్తుపట్టింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడే. అట్లాగని ప్రతి పిల్లా పతకం తేవాలని కాదు, ఆటను పతకాల లెక్కలో చూడటం నాకు అసలు నచ్చదు. పరుగెత్తాలనిపించిన పిల్లకు పరుగెత్తే చోటు ఉండాలి.

ఇక గేటు తీసి ఉన్న రోజు కూడా గ్రౌండ్ మొత్తం క్రికెట్ ఆడే అబ్బాయిలదే. అమ్మాయిలు టెన్నికాయిట్ రింగు పట్టుకుని గోడవారన నిలబడతారు, పెద్దమనిషి అయ్యాక ఆ నిలబడటం కూడా ఉండదు. బాత్రూంకు తాళం వేసి ఉంటే ఆడపిల్లలు రెండు గంటలు ఎట్లా ఆడతారో ఎవరికీ తట్టదు. బాక్సింగ్‌లో నిఖత్ జరీన్ గెలిస్తే మాత్రం అందరం స్టేటస్ పెట్టుకుంటాం.

కలెక్టర్ గారినీ డీఈఓ గారినీ కోరేది ఇదీ. రోజూ అయిదు నుంచి ఏడు దాకా బడి గేటు, బాత్రూం తెరిచి ఉంచండి. ఊళ్లో జిల్లా స్థాయి దాకా ఆడి ఇంటిపట్టున ఉన్న కుర్రాళ్లు, అమ్మాయిలు ఉన్నారు, వాళ్లలో ఒకరికి గౌరవ వేతనమిచ్చి తాళంచెవి చేతికివ్వండి, బాధ్యతను హెచ్ఎం నెత్తిన కాకుండా పంచాయతీ మీద పెట్టండి. రెండు లైట్లు వేయండి. నడవలేని పిల్లలు కూడా లోపలికి రాగలిగేట్టు గేటు దగ్గర మట్టి చదును చేయించండి. వారంలో మూడు రోజులు గ్రౌండ్ అమ్మాయిలకే ఇవ్వండి, ఆ మూడు రోజులు అబ్బాయిలు గోడవారన నిలబడితే వాళ్లకేం కాదు. వడ్లకు వేరే చోటు మార్చిలోపే చూడండి.

అన్ని ఊళ్లల్లో ఒకేసారి కుదరదంటే మండలానికి ఒక బడితో మొదలుపెట్టండి. మా ఊళ్లో తాళంచెవి తీసుకోవడానికి ఇద్దరు సిద్ధంగా ఉన్నారు, అందులో ఒకమ్మాయి ఖోఖో జిల్లా జట్టుకు ఆడింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కరీంనగర్ జిల్లా