ఇకపై పొగగొట్టం లేకుండా గ్యాస్ గీజర్ బిగించం

బెంగళూరులో మారతహళ్లి, కుందలహళ్లి, బెల్లందూరు వైపు మా దగ్గర గీజర్లు, బాయిలర్లు పెట్టించుకున్న అందరికీ నమస్కారం. ఈ చలికాలం నుంచి పొగగొట్టం లేని గ్యాస్ గీజర్‌ను మేము అమ్మం. మీరు వేరేచోట కొని తెచ్చినా బిగించం. స్నానాల గది లోపలైతే పొగగొట్టం ఉన్నా ఒప్పుకోం, గాలిని కూడా బయటి నుంచే పీల్చుకునే సీల్డ్ రకమైతే తప్ప. పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) పెట్టే పెద్ద బాయిలర్లకు పొగ పైపు పని కూడా మాకే అప్పగిస్తేనే స్టార్ట్ చేసి ఇస్తాం. దీనివల్ల మీ బిల్లు పెరుగుతుంది. కొన్ని ఇళ్లలో పైపు ఖర్చే గీజర్ ధరలో సగం దాకా వస్తుంది. అందుకే కారణం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చూడండి. నిమిషానికి ఆరు లీటర్ల గీజర్ నీళ్లను ఇంకో 25 డిగ్రీలు వేడెక్కించాలంటే గంటకు దాదాపు కిలో గ్యాస్ కాలుస్తుంది. కిలో ఎల్‌పీజీ పూర్తిగా కాలడానికి 12 ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. మన అపార్ట్‌మెంట్లలో నాలుగడుగులు బై ఆరడుగుల బాత్రూము, ఎనిమిదడుగుల ఎత్తు అనుకుంటే అందులో ఉండే గాలి ఐదున్నర ఘనపు మీటర్లు కూడా లేదు. చలికి తలుపు, వెంటిలేటర్ గట్టిగా మూసేసి పావుగంట నీళ్లు వదిలితే, లోపలున్న గాలిలో సగానికి పైగా మంటకే కావాలి. అంతదాకా కూడా పోదు. ఆక్సిజన్ కొంచెం తగ్గగానే మంట సరిగ్గా కాలడం మానేసి కార్బన్ మోనాక్సైడ్ వదలడం మొదలుపెడుతుంది.

చాలామంది "వాసన వస్తే తెలుస్తుంది కదండీ" అంటారు. తెలియదు. సిలిండర్ గ్యాస్‌కు వాసన ఉండేది లీకైతే తెలియాలని కంపెనీలు కలిపే మందు వల్ల. కాలాక ఆ వాసన ఉండదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, తర్వాత కాళ్లలో సత్తువ పోవడం. తలుపు గడియ చేతికి అందే దూరంలోనే ఉన్నా తీయలేరు. డాక్టర్లు దీన్ని గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అంటారు. చాలాసార్లు ఇంట్లోవాళ్లు దీన్ని ఫిట్స్ అనో, బీపీ పడిపోయిందనో అనుకుంటారు.

మన ఊరి సంగతి ఇంకొకటి ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ గాలి చెన్నైలో కన్నా దాదాపు పదో వంతు పల్చన. కింద ఊళ్లలో నీలంగా కాలే బర్నర్ ఇక్కడ పసుపుపచ్చగా కాలితే దాన్ని సర్ది తీరాలి. నెల్లూరు నుంచో, కడప నుంచో పాత గీజర్ తెచ్చుకున్నవాళ్లు దయచేసి ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మాకు ఎక్కువగా ఎదురవుతున్న సమస్య యుటిలిటీ బాల్కనీ. గీజర్ పెట్టినప్పుడు అది ఓపెన్‌గా ఉంటుంది. ఏడాది తిరిగేసరికి వాన జల్లు, పావురాల బాధ పడలేక స్లైడింగ్ అద్దాలు వేయిస్తారు. అద్దాలు వేసిన రోజునుంచి అది బాల్కనీ కాదు, గది. అద్దాలు వేయించే ముందు మాకు ఒక ఫోన్ చేయండి చాలు, పైపు ఎటు తీయాలో, గాలికి జాలీ ఎక్కడ వదలాలో చెబుతాం. పైపును ప్లంబింగ్ డక్ట్‌లోకి (నీళ్ల, డ్రైనేజీ పైపులు దిగే సందులోకి) వదిలేయమని కొందరు అడుగుతారు. ఆ డక్ట్‌లోకే పై అంతస్తు వాళ్ల బాత్రూము కిటికీలు తెరుచుకుంటాయి. ఆ పని చేయం. ఎవరి కిటికీకైనా కనీసం నాలుగడుగులు ఎడంగా, గాలి ఆడే గోడ మీదికే పైపు తీస్తాం.

పైపు రకం విషయంలో కూడా బేరం వద్దు. డ్రైనేజీకి వాడే పీవీసీ 60 డిగ్రీల దగ్గరే పనికి రాకుండా పోతుంది. మామూలు గీజర్ పొగ 100 డిగ్రీలు సులువుగా దాటుతుంది. కిచెన్ చిమ్నీకి వాడే పల్చటి అల్యూమినియం గొట్టం సాగదీసి, టేపు చుట్టి ఇచ్చిన ఫిట్టింగులు ఎన్నో ఊడదీశాం. మడతల దగ్గర చిల్లులు, లోపల పావురం ఈకలు.

పీజీ ఓనర్లకు: కొత్తగా వస్తున్న కండెన్సింగ్ బాయిలర్ల పద్ధతే వేరు. వాటి పొగ చల్లబడి నీరు కారుతుంది, ఆ నీటికి ఆమ్ల గుణం ఉంటుంది. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపును తినేస్తుంది. అందుకని కంపెనీ చెప్పిన పాలీప్రొపైలిన్ లేదా సరైన గ్రేడు స్టెయిన్‌లెస్ పైపే వేయాలి. నీరు వెనక్కి బాయిలర్‌లోకే దిగేలా పైపు మీటరుకు ఐదు సెంటీమీటర్లు వాలుండాలి. ఆ నీరు పోయే చోట ఒక ట్రాప్ (నీరు నిలిచి పొగను ఆపే వంపు) ఉంటుంది. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు దాన్ని నీళ్లతో నింపాలి. నింపకపోతే పొగ ఆ దారినే గదిలోకి వస్తుంది. రెండు నిమిషాల పనే, కానీ చేయనివాళ్లే ఎక్కువ. "అన్నా, పక్క బిల్డింగ్‌లో ఇవేమీ లేవు కదా, బానే నడుస్తోంది" అంటారు. పై గదుల్లో పిల్లలు పడుకుని ఉంటారు, ఊళ్లో వాళ్ల అమ్మానాన్నలు మిమ్మల్ని నమ్మి పంపారు. ఆ మాటకు నా దగ్గరున్న సమాధానం అదే. ఈ కారణంగా ఈ సీజన్‌లో కొన్ని ఆర్డర్లు వదులుకున్నాం, ఇంకా వదులుకుంటాం.

బిగించాక మీ ముందే ఒక పరీక్ష చేస్తాం. సబ్బు నీళ్లతో గ్యాస్ లీక్ చూసుకుని, తలుపులు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేసి, గీజర్‌ను ఐదు నిమిషాలు నడిపి, పైపు మొదలు దగ్గర వెలిగించిన అగరవత్తి పెడతాం. పొగ లోపలికి లాక్కుపోవాలి. బయటికి, మన మొహం మీదికి వస్తే ఆ ఫిట్టింగ్ ఫెయిల్. వంటింటి చిమ్నీ జోరుగా లాగుతున్నప్పుడు ఇలా ఎదురు తిరగడం మామూలే. అప్పుడు పైపు మార్చాకే డబ్బు తీసుకుంటాం.

కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఒకటి పెట్టించుకోండి. మా దగ్గరే కొనాలని లేదు. వెనక రాసిన ఎక్స్‌పైరీ తేదీ చూసి కొనండి, లోపలి సెన్సర్ కొన్నేళ్లకు పనిచేయడం మానేస్తుంది. అది మోగితే గ్యాస్ కట్టేసి, అందరూ బయటికి వచ్చేసి, ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే 108కి ఫోన్ చేయండి. కిటికీలు తెరుస్తూ లోపల ఉండిపోవద్దు.

బాత్రూముకే కావాలి, పైపు తీసే దారి లేదు అనేవాళ్లకు కరెంటు గీజరో సోలారో పెట్టుకోమనే చెబుతాం. కరెంటు పోతే ఇబ్బందే, నాకూ తెలుసు. అయినా అదే చెబుతాం.

పాత కస్టమర్ల ఫిట్టింగులన్నీ డిసెంబరు లోపు ఉచితంగా చూసి ఇస్తాం, గీజర్ ఎవరి దగ్గర కొన్నా సరే. సొంత ఇల్లు కాకపోతే ఓనరును కూడా ఆ టైముకి ఉండమనండి, గోడకు రంధ్రం చేయాల్సి వస్తే ఆయన ఒప్పుకోవాలి. మేం వచ్చే ముందు గీజర్‌ను ఒక గంట ఆపి ఉంచండి. పైపు చల్లబడితేనే విప్పి లోపల చూడగలం.