స్ట్రిప్ మీద మందు పేరు చదివావా తల్లీ

చిన్నీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అన్న మాటకి నాకు నిద్ర పట్టలేదు. "బీపీ 128 మీద 82 ఉందమ్మా, నార్మల్ అయిపోయింది, నాలుగు రోజుల నుంచి టాబ్లెట్ మానేశా" అన్నావు. ఆ వెంటనే, రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నామని కూడా చెప్పావు. అవి రెండూ వేరు వేరు సంగతులని నువ్వు అనుకున్నట్టున్నావు. కావే తల్లీ. ఫోన్‌లో చెప్తే పాప ఏడుస్తోందని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ 128 టాబ్లెట్ వేసుకున్నందుకు వచ్చింది. మానేస్తే మళ్ళీ పెరుగుతుంది, పెరిగినట్టు నీకు తెలియను కూడా తెలియదు. ఒక కార్తీక మాసంలో ఉపవాసాలని చెప్పి నేనూ టాబ్లెట్ పక్కన పెట్టాను. ఒక్క రోజు కూడా తలనొప్పి లేదు, కళ్ళు తిరగలేదు, తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం చేసి దీపాలు పెట్టుకున్నాను. నెలాఖరున చూపించుకుంటే 172 మీద 100. ఒంట్లో బాగానే ఉందంటే బీపీ బాగానే ఉన్నట్టు కాదని అప్పుడు అర్థమైంది.

ఇంకొకటి, ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. మూడేళ్ళ క్రితం మెడికల్ షాపులో నా మామూలు కంపెనీ టాబ్లెట్ లేదని వేరే కంపెనీది ఇచ్చారు. పాతది తెల్లగా ఉండేది, ఇది లేత గులాబీ రంగు. డాక్టర్ గారు కొత్తగా ఇంకో మందు రాశారేమో అనుకుని, ఇంట్లో మిగిలిన పాతదీ ఇదీ రెండూ వేసుకున్నాను. మూడో రోజు పొద్దున్నే పాల ప్యాకెట్ తీసుకుందామని మంచం మీద నుంచి గబుక్కున లేచాను. కళ్ళు చీకట్లు కమ్మాయి, వంటింటి గడప దగ్గర పడిపోయాను. మోచెయ్యి కమిలిపోయింది, తల మాత్రం గడపకి జానెడు దూరంలో ఆగింది. మీ నాన్న రెండు స్ట్రిప్‌లూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి భూతద్దం పెట్టి చదివారు. కంపెనీ పేర్లు రెండు, మందు పేరు మాత్రం ఒకటే: టెల్మిసార్టాన్ 40. అప్పటి నుంచి కొత్త స్ట్రిప్ ఇంటికి రాగానే మందు పేరు, డోసు చదివి చీటీతో సరిచూసుకున్నాకే డబ్బాలో పెడుతున్నాను.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు పంపిన ఫోటోలో నీ స్ట్రిప్ మీద కూడా టెల్మిసార్టాన్ అనే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఆ మందు వేసుకోకూడదు. బిడ్డ కిడ్నీలు దెబ్బతినొచ్చు, ఉమ్మనీరు తగ్గిపోవచ్చు. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు కూడా పనికిరావు. అలాగని నీ అంతట నువ్వు మానేసి కూర్చోవడమూ తప్పే, బీపీ ఎక్కువగా ఉండగా నెల తప్పితే నీకూ బిడ్డకీ ప్రమాదం. పాప కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో నీకు బీపీ పెరిగి ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుంది కదా. ఒకసారి అలా వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే నెల తప్పక ముందే డాక్టర్‌కి చెప్పాలి. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటివాటిలో ఏది నీకు సరిపోతుందో, ఎంత డోసో వాళ్ళే చూసి మారుస్తారు. అప్పటిదాకా రెండో బిడ్డ మాట ఆపండి, మీ ఆయనకీ ఈ మాట చెప్పు. ఈలోపే నెల తప్పిందనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చెయ్యి.

బీపీ ఎలా చూసుకున్నావని కూడా అడగాలనుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగుతూ చూసుకుంటే ఆ అంకెని నమ్మలేం. కాఫీ తాగి కనీసం అరగంట అవ్వాలి. అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉంచి చూసుకో. చూసేటప్పుడు మాట్లాడకు. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ తేదీతో రాసిపెట్టు.

ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు కలిపి మింగకు. నడుం నొప్పని నీ బ్యాగులో పెట్టుకునే డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, నీ మందుతో కలిస్తే కిడ్నీలకీ మంచిది కాదు. జలుబు టాబ్లెట్లలో కొన్ని కూడా బీపీ పెంచేవే, షాపులో ముందే నీకు బీపీ ఉందని చెప్పు. దగ్గుకి నేనే నీకు అతిమధురం చప్పరించమనేదాన్ని, ఇక వద్దు, అది కూడా బీపీ పెంచుతుందట, డాక్టర్ గారు చెప్పారు. సోడియం తక్కువని అమ్మే ఉప్పు కొనకు, అందులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టాన్‌తో ఒంట్లో పొటాషియం మరీ పెరిగిపోవచ్చు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష ఎప్పుడు చేయించాలో డాక్టర్‌ని అడుగు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు టాబ్లెట్ వేసుకోవాలో వద్దో కూడా అడిగి చెయ్యి.

మందు పడటం లేదనిపించినా అంతే, ముందు చెప్పు. మీ నాన్నకి అమ్లోడిపిన్ అనే బీపీ మందుతో సాయంత్రానికి పాదాలు ఉబ్బిపోయి చెప్పులు పట్టేవి కావు. ఆయన మానేయకుండా వెళ్ళి చూపించారు, డాక్టర్ మందు మార్చారు, పది రోజుల్లో వాపు తీసింది.

ఆవకాయ ఈసారి చిన్న సీసానే పంపుతున్నాను, అది కూడా మీ ఆయనకి. నీకు ఉప్పు తగ్గించి కందిపొడి కొట్టాను. రేపు ఆఫీసుకి వెళ్ళే ముందే డాక్టర్‌కి ఫోన్ చేసి, నాలుగు రోజులుగా మానేశానని, పిల్లల కోసం అనుకుంటున్నామని రెండూ చెప్పు. ఏమన్నారో మధ్యాహ్నం లోపు నాకు చెప్పు, ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను.

పాపకి ముద్దులు.

అమ్మ