ప్రాలిన్ టికెట్ల సంగతి

అన్నయ్యా,

అంతా కులాసాయేనా? నా పని మామూలే, చెప్పడానికేం లేదు. సీషెల్స్‌లో నా దగ్గరికి, ఈ ప్రాలిన్ దీవికి రావడానికి టికెట్ల ధర చూసి నాన్న "ఇంక మనవల్ల కాదులే" అన్నారట. అప్పుడే అలా తేల్చెయ్యొద్దని చెప్పు. ఆయన చూసింది నలుగురికీ కలిపి వెతికిన ధర.

ఒకే విమానంలో ఎకానమీ సీట్లకే నాలుగైదు రకాల ధరలుంటాయి. చౌక రేటులో రెండే మిగిలాయనుకో, నువ్వు నలుగురికి అడిగితే ఆ రెండూ నీకివ్వరు, అందరికీ పై రేటే వేస్తారు. అందుకని ముందు ఒక్కరికి వెతుకు, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి. ధర ఎక్కడ ఎగిరితే అక్కడ ఆపి, రెండు పీఎన్‌ఆర్‌లుగా కొను. అమ్మ మాత్రం ఒంటరిగా ఒకదాంట్లో పడకూడదు. విమానం రద్దయితే రెండు బుకింగ్‌లవాళ్లనీ ఒకే దాంట్లో ఎక్కిస్తారన్న భరోసా లేదు.

మీరు విమానం దిగేది ఇక్కడి పెద్ద దీవి మాహెలో. వెతికేటప్పుడు దాని విమానాశ్రయం కోడ్ ఎస్‌ఈజెడ్ అని కొట్టు. ఉత్త మాహె అంటే పుదుచ్చేరి మాహె అనుకునే ప్రమాదముంది, అక్కడ విమానాశ్రయమే లేదు! డిసెంబరు చివర, ఈస్టర్, జులై, ఆగస్టు వదిలెయ్. ఐరోపావాళ్లంతా అప్పుడే దిగుతారు. ముంబై నుంచి నేరుగా ఎంత, దోహా, దుబాయ్, అడిస్ అబాబాల మీదుగా ఎంత, అన్నీ పోల్చి చూడు.

దుబాయ్ దాకా ఒకటి, అక్కణ్ణించి ఒకటి విడివిడిగా కొంటే చౌకని ఎవరైనా చెబితే వినకు. మొదటిది ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బు పోయినట్టే. పైగా సామాను తీసుకుని మళ్లీ వెయ్యడానికి బయటికి రావాలి, దానికి అక్కడి వీసా కావాలి.

అమ్మ మోకాలు ఎలా ఉంది? వీల్‌చెయిర్‌కి డబ్బు కట్టక్కర్లేదు, కనీసం 48 గంటల ముందు చెబితే చాలు. నామోషీ పడొద్దను.

మాహె నుంచి ప్రాలిన్‌కి ఖర్చు వేరే, అది లెక్కలో కలుపు. ట్విన్ ఆటర్ అనే 19 సీట్ల చిన్న విమానంలో పావుగంట, విక్టోరియా రేవు నుంచి ఫెర్రీలో గంట. ఫెర్రీ చౌకే గానీ మే నుంచి అక్టోబరు దాకా ఆగ్నేయపు గాలికి అలలు ఎక్కువ, అమ్మకి బస్సులోనే తిప్పుతుంది కదా. ట్విన్ ఆటర్‌కేమో ఇరుకు మెట్లు, తల వంచుకుని ఎక్కాలి. ఏదైనా పొద్దున్నే మాహెలో దిగే టికెట్ చూడు. రాత్రి దిగేది చౌకగా కనిపిస్తుంది, అప్పటికి ఫెర్రీ ఉండదు. మిగిలిందంతా హోటల్‌కి పోతుంది.

సీషెల్స్‌కి ముందుగా వీసా అక్కర్లేదు. ట్రావెల్ ఆథరైజేషన్ అనే ప్రయాణ అనుమతి మాత్రం ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, అది లేకపోతే విమానం ఎక్కనివ్వరు. తిరుగు టికెట్ కూడా అడుగుతారు. నాన్న ఇంటిపేరు పొడి అక్షరాల్లో కొట్టకు, పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే.

సగం డబ్బు నేను వేస్తాను, వద్దనకు. బాగానే తింటున్నాను, ఆ ఫొటోలో చిక్కినట్టు కనిపించింది ఎండ వల్లే. కొనేముందు ఫోన్ చెయ్. మీకు రాత్రి పదకొండైనా ఇక్కడ తొమ్మిదిన్నరే.

నీ చెల్లి