ప్యాకెట్ మీద ఏం రాయాలో అడిగావుగా

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మన పచ్చళ్ళ కొత్త ప్యాకెట్ డిజైన్ చూశాను. రంగులు బావున్నాయి. మీ నాన్నకి ఆ మామిడికాయ బొమ్మ నచ్చలేదు, ఆ ఆకారం కాయ మన నున్న మార్కెట్లో ఎప్పుడైనా చూశాడా వీడు అంటున్నారు, అది మీరూ మీరూ తేల్చుకోండి. నా గొడవంతా కింద వేసిన ముక్కతోనే. "నాన్నమ్మ చేతి రుచి, మూడు తరాలుగా మారనిది." వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నాను కానీ నేను నోరు తెరిచేసరికి షెడ్డులోంచి ఎవరో ఒకరు పిలుస్తారు, అందుకే రాత్రి కూర్చుని రాస్తున్నాను.

తాతయ్యది మొదట పచ్చళ్ళ వ్యాపారం కాదు. బెజవాడ వన్‌టౌన్‌లో బియ్యం కొట్టు. అవనిగడ్డ వైపు చిన్న దుకాణాల వాళ్ళకి అరువు మీద సరుకు పంపేవారు, పంట చేతికొచ్చాక డబ్బులు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. నెల పోయాక ఖాతా పుస్తకం పట్టుకుని బస్సెక్కి వెళ్ళి, ఎవరినీ ఏమీ అడక్కుండా సాయంత్రానికి తిరిగొచ్చేశారట. అడగడానికి కొన్ని చోట్ల ఇళ్ళే లేవు. సంక్రాంతికి కొట్టు మూతపడింది, ఆ ఎండాకాలం మీ నాన్నమ్మ మెళ్ళో గొలుసు అమ్మి జాడీలు కొన్నారు. ఇంతవరకూ నీకు తెలిసిందే, ప్రతి పెళ్ళిలోనూ మీ పెదనాన్న చెప్తాడు.

ఆయన చెప్పనిదేంటంటే, ఆ మొదటి ఆవకాయ చేదు. నిజంగానే. ఆవిడ చేసేది ఇంట్లో ఎనిమిది మందికి సరిపడా, అలాంటిది ఒక్కసారిగా జాడీలకి జాడీలు కలపాల్సి వచ్చేసరికి, కంగారులో ఆవాలు ఎండలోంచి తీసి ఆ వేడి మీదే రోట్లో పోసి దంచించేశారు. ఆవపిండి నూనె కక్కి ముద్దకట్టింది. గదులు అద్దెకి తీసుకుని చదువుకునే పిల్లలు అర కిలో చొప్పున పట్టుకెళ్ళి రెండోసారి రాలేదు.

దాన్ని బాగుచేసింది పిన్ని. నువ్వు ఫొటోల్లో కూడా చూసుండవు, ఎవరూ తియ్యలేదు కాబట్టి. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పని చేసి, భర్త పోయాక చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ఇటొచ్చి దంపుడుకి కుదిరింది. ఆ పనిలో వేళ్ళు రాత్రంతా మండుతాయట, చల్ల మజ్జిగలో ముంచుకుని పడుకునేదట. నేను కాపురానికొచ్చేనాటికి ఆవిడకి పెద్ద వయసే, కానీ మిరపకాయ ఎంచడం నాకు నేర్పింది ఆవిడే. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. గింజ గలగలమంటేనే రోట్లోకి, లేకపోతే మళ్ళీ చాప మీదకి. తెల్లబారిన తాలుకాయ కనిపిస్తే తిట్టేది, మమ్మల్ని కాదు, కాయని. ఒక్క తేజ రకమే వేస్తే నోరు మండటం తప్ప ఇంకేం తెలీదమ్మా, రంగుకీ రుచికీ సన్నం రకం కాయ ఉండాలి అనేది. ఆవాలు ఎండబెట్టాక సాయంత్రం దాకా నీడలో చల్లారనివ్వాలన్నదీ, వెల్లుల్లి వెయ్యమన్నదీ ఆవిడే. వెల్లుల్లి దగ్గర మీ నాన్నమ్మ రెండేళ్ళు ఒప్పుకోలేదు, ఆనక వేరే జాడీలో వేయించారు, చివరికి అదే అమ్ముడుపోయింది. ఇప్పుడు చెప్పు, అది ఎవరి చేతి రుచి?

ఇంక మారనిది అన్నావు. మీ నాన్న పల్వరైజర్ కొన్న ఏడాది కారం మిషన్లోంచి పొగలు కక్కుతూ వచ్చేది, ఆ వేడికి రంగూ వాసనా పోయేవి, పరదా మీద పల్చగా పరిచి ఆరబెట్టాలని తెలియడానికి ఒక సీజన్ పోయింది. ఇంకో ఏడాది, ఇది నువ్వు బయట ఎక్కడా అనకు, పప్పునూనె ధర పెరిగిందని పత్తిగింజల నూనె సగం కలిపాం. లెక్క రాసింది నేనే కాబట్టి ఆ తప్పులో నాకూ వాటా ఉంది. దసరా వచ్చేసరికి కనరు వాసన మొదలైంది, సీసాలు వెనక్కి వస్తుంటే మీ నాన్నమ్మ ఒక్క మాట అనలేదు, కూర్చుని మూతలు తీసి ఒక్కొక్కటీ వాసన చూశారంతే. 2011లో ఆహార భద్రత నిబంధనలు వచ్చాక పద్నాలుగంకెల లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ల్యాబ్ టెస్టు. ఆ తర్వాతే పచ్చడి నిల్వ ఉండటానికి బెంజోయేట్ వేద్దామా వద్దా అని తల్లీకొడుకులు నెలరోజులు మాట్లాడుకోలేదు. నా మట్టుకు నాకు అది కూడా మన చరిత్రే, ప్యాకెట్ మీద పట్టదు గానీ.

బుడమేరు వరద సంగతి నీకు ఫోన్లో చెప్పాను కానీ సగమే చెప్పాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. సింగ్‌నగర్ షెడ్డులో నీళ్ళు నా గుండెల దాకా వచ్చాయి. నీళ్ళు తీశాక వెళ్తే డ్రమ్ములు ఎక్కడివి అక్కడ లేవు, గోడకి ఆనుకుని ఒకదాని మీద ఒకటి పడున్నాయి. సగం డ్రమ్ములకి సీలు ఊడలేదు, లోపల సరుకు బానే ఉండుంటుంది కూడా. ఒకాయనొచ్చి సగం ధరకి ఇచ్చెయ్యండి, హోటళ్ళకి వేస్తానన్నాడు. అప్పులెంతున్నాయో నాకు తెలుసు కాబట్టి నేను మీ నాన్న మొహం వైపు చూశాను, నిజం చెప్పాలంటే ఒప్పుకుంటే బావుండనే అనుకున్నాను. ఆయన మున్సిపాలిటీ బండి పిలిచి మొత్తం ఎక్కించేశారు. తర్వాత ఫైరింజన్ వాళ్ళొచ్చి నేల కడిగితే ఎర్రనీళ్ళు వీధి చివరిదాకా పోయాయి. అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను.

అందుకని ఆ వాక్యం తీసెయ్. 1978 నుంచి అని వేసుకో, అది నిజం. పిన్ని సంగతి రెండు ముక్కలు వెనకవైపు రాయి, కానీ పేరు వేసేముందు వాళ్ళబ్బాయిని అడగాలి, గుంటూరులోనే ఉంటున్నాడు, ఫోన్ చేస్తే మర్యాదగా ఉండదు, ఏప్రిల్లో కాయల కోసం నున్న వచ్చినప్పుడు మనిద్దరం వెళ్దాం. అతను వద్దంటే వద్దు, ఊరికే రాయకు.

నిమ్మకాయ సీసాల కొత్త మూతలు వదులుగా ఉన్నాయి, నూనె కారుతోంది. పంపినవాడితో నువ్వే మాట్లాడు, మీ నాన్న మాట్లాడితే గొడవైపోతుంది.

అమ్మ